ఆదివారం రాత్రి ఏడున్నర: చైనా వృద్ధులు, వారి పిల్లలు, మధ్యనున్న మౌనం

అధ్యక్షులవారికి, వేదిక మీద ఉన్న పెద్దలకు, పనులు పక్కన పెట్టి ఈ సాయంత్రం ఇక్కడికి వచ్చిన మీ అందరికీ నమస్కారం. అక్టోబరు 1 అంతర్జాతీయ వృద్ధుల దినోత్సవం కాబట్టి పెద్దవారి గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. నేను చాలా ఏళ్లుగా చదువుతున్నదీ, కొంతకాలం దగ్గరగా ఉండి చూసినదీ చైనా వృద్ధుల కుటుంబ జీవితాన్ని. అందువల్ల నా మాటలను చాలావరకు అక్కడికే పరిమితం చేసుకుంటాను.

చైనా భాషలో ఒంటరితనాన్ని 'గుదు' అంటారు. రెండే అక్షరాల మాట. ఆ రెండు అక్షరాలకూ విడివిడిగా ఉన్న పాత అర్థాలు తెలిసినప్పటి నుంచి ఆ మాటను నేను మామూలుగా వినలేకపోతున్నాను. క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దానికి చెందిన తత్త్వవేత్త మెన్షియస్, పాలకుడు ముందుగా ఎవరిని ఆదుకోవాలో ఒక రాజుకు చెబుతూ, లోకంలో దిక్కులేనివారు నాలుగు రకాలన్నాడు: భార్య పోయిన ముసలివాడు, భర్త పోయిన ముసలమ్మ, బిడ్డలు లేని వృద్ధులు, తండ్రి లేని పసివాడు. వీరిలో తండ్రి లేని పసివాడు 'గు', బిడ్డలు లేని వృద్ధుడు 'దు'. ఆ రెండూ పక్కపక్కన పెడితే ఒంటరితనం అయింది. మన 'ఒంటరి' అన్న మాట 'ఒంటి' నుంచి వచ్చింది, అందులో లెక్క ఉంది, ఒక్కరే ఉన్నారన్న లెక్క. చైనా మాటలో ఆ లెక్క లేదు, చుట్టరికం ఉంది. తల్లిదండ్రులకూ పిల్లలకూ మధ్య తెగిపోయిన తీగకు అటు చివర ఒకరు, ఇటు చివర ఒకరు కనిపిస్తారు.

నేను చెప్పదలుచుకున్నదంతా ఆ మాటలోనే ఉంది. చైనాలో వృద్ధాప్యపు ఒంటరితనాన్ని కొలవాలంటే ఇంట్లో ఎందరున్నారో లెక్కపెడితే సరిపోదు. ఉన్నవారితో, దూరాన ఉన్న పిల్లలతో, తమ మనసులో మాట చెప్పుకునే చనువు ఆ పెద్దలకు మిగిలిందా అన్నది చూడాలి. పిల్లలు వదిలేశారు కాబట్టి పెద్దలు ఒంటరివారయ్యారన్న కథ వినడానికి సులువుగా ఉంటుంది, ఎవరిని తప్పుపట్టాలో కూడా వెంటనే తెలిసిపోతుంది. నేను చూసినంతలో, చదివినంతలో, ఆ కథ చాలా ఇళ్లకు వర్తించదు.

ముందుగా కొన్ని అంకెలు చెప్పి ఆ పని ముగిస్తాను. 2020 జనగణన నాటికి చైనాలో 60 ఏళ్లు నిండినవారు 26 కోట్ల 40 లక్షల మంది. 2024 చివరికి ఆ సంఖ్య 31 కోట్లు దాటింది, అంటే జనాభాలో 22 శాతం. సగటు కుటుంబంలో 2010లో 3.10 మంది ఉండగా 2020 నాటికి 2.62 మందే ఉన్నారు. అదే జనగణనలో, తమ పేరు నమోదైన ఊరు విడిచి వేరేచోట బతుకుతున్నవారు 37 కోట్ల 60 లక్షలని తేలింది. ఈ నమోదు పద్ధతిని 'హుకోవ్' అంటారు. 1958 నుంచి మనిషికి దొరికే వైద్యం, పింఛను, పిల్లల బడి అన్నీ చాలావరకు ఆ నమోదుతోనే ముడిపడి ఉన్నాయి. కొడుకు షెన్‌జెన్‌లో పనిచేసుకోవచ్చు, కానీ తల్లిని అక్కడికి తెచ్చుకుంటే ఆమె మందుల ఖర్చు తిరిగి రాబట్టుకోవడం నిన్నమొన్నటి దాకా పెద్ద తలనొప్పి.

ఇక్కడ ఒక్క మాట. ఒకే బిడ్డ విధానం వల్లే ఈ పరిస్థితి వచ్చిందని మన దగ్గర చాలామంది అనుకుంటారు. ఆ విధానం 1980 నుంచి 2015 దాకా నడిచింది. ఈ రోజు 80 దాటినవారికి చాలావరకు ముగ్గురు నలుగురు బిడ్డలున్నారు, వారిది ఆ విధానానికి ముందు తరం. ఒక్క బిడ్డతో ఆగిపోయిన తల్లిదండ్రులు ఇప్పుడు అరవైల్లో, డెబ్బైల్లో ఉన్నారు, ముఖ్యంగా పట్టణాల్లో. పల్లెల్లో మొదట ఆడపిల్ల పుడితే రెండో కాన్పుకు చాలా రాష్ట్రాలు అనుమతించాయి. కాబట్టి ఒకే బిడ్డ విధానం ఫలితం పూర్తిగా కనిపించేది రాబోయే ఇరవై ఏళ్లలో. ఇప్పటికే ఒంటరితనం ఇంత ఉందంటే, బిడ్డల సంఖ్యకు మించిన కారణాలు ఏవో ఉన్నాయన్నమాట.

ఆ కారణాల్లో ఒకటి నాకు ఒక వంటింట్లో అర్థమైంది. నేను నాన్‌జింగ్‌లో పది నెలలు ఉన్నాను. ఒక ఫ్యాక్టరీ ఒకప్పుడు తన కార్మికుల కోసం కట్టిన పాత ఐదంతస్తుల భవనంలో, నాలుగో అంతస్తులో ఒక గది అద్దెకు తీసుకున్నాను. లిఫ్టు లేదు. ఇల్లుగలావిడ అదే ఫ్యాక్టరీలో పనిచేసి, కార్మిక స్త్రీలందరిలాగే 50 ఏళ్లకే పదవీ విరమణ చేసింది. నేను ఆమెను 'ఆయీ' అని పిలిచేదాన్ని, అంటే పిన్ని అని. కొంచెం పెద్ద వయసు ఆడవారిని అక్కడ అలాగే పిలుస్తారు. భర్తా ఆమే ఉండేవారు. ఒక్కడే కొడుకు, షెన్‌జెన్‌లో ఉద్యోగం. ప్రతి ఆదివారం రాత్రి ఏడున్నరకు అతను వీచాట్‌లో వీడియో కాల్ చేసేవాడు. ఆ వారమంతటికీ వారింట్లో అదే పండగ.

నాన్‌జింగ్‌లో చలి సంగతి చెప్పాలి. చైనాలో హువాయ్ నదికి ఉత్తరాన ఉన్న నగరాల్లో చలికాలమంతా ఇళ్లకు ప్రభుత్వమే గొట్టాల ద్వారా వేడినిస్తుంది. దక్షిణాన ఆ ఏర్పాటు లేదు. నాన్‌జింగ్ దక్షిణానికి వస్తుంది కాబట్టి జనవరిలో ఇంట్లో కూడా నోటి నుంచి ఆవిరి వస్తుంది. ఏసీతో గది వేడి చేసుకోవచ్చు, కానీ కరెంటు బిల్లు చూసుకుని పెద్దవారు వేయరు, దూది కోటు తొడుక్కునే కూర్చుంటారు. ఏడూ ఇరవై అయిందంటే ఆయీ ఆ కోటు విప్పేసేది. పలుచటి ఊలు స్వెటరుతో, తల దువ్వుకుని, పెద్ద లైటు వేసి, ఫోనును భోజనాల బల్ల మీద నల్ల వెనిగర్ సీసాకు ఆనించి కూర్చునేది. కొడుకు మొదటి ప్రశ్న ఎప్పుడూ మన ప్రశ్నే: తిన్నారా? రెండోది: చలిగా ఉందా, ఏసీ వేసుకుంటున్నారా? వేసుకుంటున్నాం నాయనా, చూడు, నేను కోటు కూడా వేసుకోలేదు, అనేది. ఆ చలికాలంలో ఆమె భర్త మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. కట్టు కట్టిన ఆరు వారాలూ ఆయన తన కుడిచేతిని బల్ల కింద పెట్టుకునే కొడుకుతో మాట్లాడాడు. కాల్ అయిపోయాక ఆమె కోటు తొడుక్కుని, ఆరిపోయిన ఫోనును రెండు చేతుల మధ్యా పట్టుకుని కాసేపు అలాగే కూర్చునేది. ఆయన లేచి పెద్ద లైటు ఆర్పేవాడు.

చాలా నెలల తరువాత తెలిసిన సంగతి ఏమిటంటే, అదే చలికాలంలో కొడుకు ఉద్యోగం పోయింది. మూడు నెలలు ఖాళీగా ఉన్నాడు. ప్రతి ఆదివారం రాత్రీ తనకు పని ఎక్కువగా ఉందని చెప్పాడు.

దీనికి చైనాలో అందరి నోటా ఉండే ఒక మాట ఉంది: 'బావ్ షీ, బు బావ్ యోవ్'. సంతోషం చెప్పు, దిగులు చెప్పకు అని అర్థం. చదువుకో పనికో దూరం వెళ్లిన బిడ్డ ఇంటికి రాసే ఉత్తరం గురించి ఎక్కువగా ఈ మాట వాడతారు. ఇప్పుడు తల్లిదండ్రులు కూడా అదే నేర్చుకున్నారు. ఇందులో ప్రేమకు లోటేమీ లేదు, ఇద్దరూ ఒకరినొకరు కాపాడుకుంటున్నారు. కానీ ఇద్దరికీ అత్యంత ముఖ్యమైన విషయం ఆ వారంలో ఏదైతే ఉందో, సరిగ్గా అదే ఆ సంభాషణలో లేకుండా పోతోంది. వారానికోసారి గంటసేపు ముఖాముఖి మాట్లాడుకున్న తల్లి, ఫోను పెట్టేశాక అంతకుముందు కంటే ఒంటరిదైపోవడం ఎలా సాధ్యమో నాకు ఆ వంటింట్లోనే తెలిసింది.

పండితులు దీన్ని మరో రకంగా చెబుతారు. అమెరికా సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ వైస్ 1973లోనే ఒంటరితనాన్ని రెండుగా విడదీశాడు. మనసుకు దగ్గరైన మనిషి లేకపోవడం ఒకటి, నలుగురితో కలిసి తిరిగే వలయం లేకపోవడం రెండోది. ఒకదాని లోటును మరొకటి పూడ్చలేదన్నది ఆయన వాదన. ఆ తరువాత వచ్చినవారు ఒంటరితనమంటే, మనకు కావాలనుకున్న అనుబంధానికీ మనకు దొరికిన అనుబంధానికీ మధ్య ఉన్న ఎడమని నిర్వచించారు. ఈ నిర్వచనం ప్రకారం చూస్తే చైనా పెద్దల స్థితి ప్రత్యేకమైనది, ఎందుకంటే వారు కావాలనుకున్నది చాలా పెద్దది, చాలా పాతది. తల్లిదండ్రుల పట్ల పిల్లల ధర్మాన్ని 'శ్యావ్' అంటారు. ఆ అక్షరం రాసే తీరులోనే పైన ముసలితనాన్ని సూచించే గీతలు, కింద బిడ్డను సూచించే గీతలు ఉంటాయి. బిడ్డ పెద్దవారిని మోస్తున్నట్టు ఉంటుందని బడిలో పిల్లలకు చెబుతారు. తల్లిదండ్రులకు తిండి పెట్టడమే శ్యావ్ అని ఈ కాలం వారు అనుకుంటున్నారు, ఆ మాటకొస్తే కుక్కలకూ గుర్రాలకూ కూడా తిండి పెడుతున్నాం, గౌరవం లేనప్పుడు రెండింటికీ తేడా ఏముందని కన్‌ఫ్యూషియస్ రెండున్నర వేల ఏళ్ల కిందటే అడిగాడు. కొడుకును పెంచుకోవడమంటే ముసలితనానికి రక్షణ కట్టుకోవడం అన్న సామెత ఆ నేల మీద పుట్టినదే. ఆ సామెత నమ్మి పెరిగిన తరం, తన చేతులతోనే ఆ బిడ్డను వెయ్యి మైళ్ల దూరం పంపింది. చదివించింది, ఇంటి కొనుగోలుకు కూడబెట్టినదంతా ఇచ్చింది. కొత్త జంట ఇల్లు కొనడానికి ఇటు తల్లిదండ్రులు, అటు తల్లిదండ్రులు, వారి తల్లిదండ్రులు కలిసి డబ్బు సర్దడాన్ని అక్కడ 'ఆరు పర్సులు' అంటారు. బిడ్డ ఎదగాలన్న కోరిక, బిడ్డ దగ్గరుండాలన్న కోరిక, రెండూ ఒకే గుండెలో ఉన్నాయి. మొదటిది నెరవేరిన ప్రతి ఇంట్లో రెండోది ఓడిపోయింది.

పరిశోధనలు ఏం చెబుతున్నాయో చూద్దాం. కెమింగ్ యాంగ్, క్రిస్టినా విక్టర్ 2008లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం 1992 సర్వేలో వృద్ధుల్లో 15.6 శాతం మంది ఒంటరితనం చెప్పుకోగా, 2000 సర్వేలో 29.6 శాతం మంది చెప్పుకున్నారు. ఎనిమిదేళ్లలో దాదాపు రెట్టింపు. ఆ ఎనిమిదేళ్లలో జరిగిందేమిటో గుర్తు చేసుకోవాలి. ప్రభుత్వ కర్మాగారాల్లో కోట్లాది మంది కార్మికులను ఇంటికి పంపేశారు. పనిచేసే సంస్థే ఇల్లు కేటాయించే పద్ధతిని 1998లో ఆపేశారు. ఒకే ఫ్యాక్టరీలో పనిచేసి, ఒకే భవనంలో ఉండి, ఒకే క్యాంటీన్‌లో తిన్న మనుషులు చెల్లాచెదురయ్యారు. మా ఆయీ ఉండే భవనంలో ఒకప్పుడు ప్రతి తలుపూ ఆమెకు తెలిసినదేనట. నేను వెళ్లేసరికి ఆ మెట్ల మీద ఆమెను పేరుతో పిలిచేవారు ఇద్దరే మిగిలారు. కుటుంబం ఎంత ముఖ్యమైనా, కుటుంబం చుట్టూ ఉండే ఆ రెండో వలయం కూలిపోయినప్పుడు బరువంతా కొడుకు మీద, ఆ ఆదివారపు ఫోను మీద పడింది. ఒక్క ఫోను అంత బరువు మోయలేదు.

ఆరోగ్యం మీద దీని ప్రభావం చిన్నదేమీ కాదు. 65 ఏళ్లు దాటిన సుమారు 14 వేల మందిని గమనించి యె లువో, లిండా వెయిట్ 2014లో ప్రచురించిన వ్యాసంలో, ఒంటరితనం ఉందన్నవారు తరువాతి మూడేళ్లలో మరణించే అవకాశం మిగతావారి కంటే ఎక్కువగా ఉందని తేలింది.

నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పిన అధ్యయనం అన్‌హుయ్ రాష్ట్రంలోని చావ్‌హు ప్రాంతపు పల్లెల్లో జరిగింది. మెరిల్ సిల్వర్‌స్టీన్, జెన్ కాంగ్, షుజువో లీ 2006లో దాన్ని ప్రచురించారు. యువకులు నగరాలకు వలసపోయిన పల్లెలవి. అక్కడ మూడు తరాలు కలిసి ఉన్న ఇళ్లలోని పెద్దలు, పిల్లలు నగరంలో ఉన్నా మనవలను మాత్రం దగ్గర పెట్టుకున్న పెద్దలు, ఎవరూ లేక తామే ఉంటున్నవారి కంటే మనసులో కుదురుగా ఉన్నారు. పిల్లలు డబ్బు పంపుతున్న ఇళ్లలో, పిల్లలతో అనుబంధం గట్టిగా ఉన్న ఇళ్లలో కూడా అదే కనిపించింది. డబ్బు విషయం నన్ను ఆలోచింపజేసింది. అక్కడి పల్లె వృద్ధుల పింఛను సంగతి చూడండి. 2009లో మొదలైన గ్రామీణ పింఛను పథకంలో కేంద్రం నిర్ణయించిన కనీస మొత్తం నెలకు 55 యువాన్లు. 2024 నాటికి అది 123 యువాన్లు అయింది. పట్టణంలో ఉద్యోగం చేసి విరమించినవారికి నెలకు వేలల్లో వస్తుంది. 123 యువాన్లతో బతకలేని మనిషి చేయి చాచాల్సింది కొడుకుల దగ్గరే. అడగకుండా వచ్చిన డబ్బు, నువ్వు గుర్తున్నావని చెబుతుంది. అడిగి తీసుకున్న డబ్బు, నువ్వు బరువైపోయావని చెబుతుంది. అంకె ఒకటే కావచ్చు.

చైనా పల్లెల్లో కూడా వంతులవారీ పోషణ ఉంది. నెలకో కొడుకు ఇంట్లో, కొన్నిచోట్ల వారానికో ఇంట్లో, తల్లో తండ్రో వంతు తింటారు. కొన్నిచోట్ల ఇద్దరినీ విడదీసి తండ్రిని ఒక కొడుకు, తల్లిని మరో కొడుకు పోషిస్తారు. మన పల్లెల్లో పెరిగినవారికి దీన్ని వివరించి చెప్పనక్కర్లేదు. నెలలో ముప్పయ్యొకటో రోజు ఎవరి వంతన్న గొడవ మీరూ విన్నారు, వారూ విన్నారు. తిండికి లోటు లేదు, ప్రతి రోజూ కళ్ల ముందు కొడుకులున్నారు. అయినా ఆ ఇంట్లో తనకంటూ ఒక మంచం, ఒక గూడు, ఒక అలవాటు లేని మనిషి ఎంత ఒంటరో లెక్కలు పట్టుకోలేవు.

లెక్కలు పట్టుకోలేని మరో ఒంటరితనాన్ని కాస్త వివరంగా చెప్పాలి. నగరంలో కొడుక్కో కూతురికో బిడ్డ పుడితే, పల్లె నుంచో చిన్న పట్నం నుంచో తల్లి మూట సర్దుకుని వస్తుంది. ఇలాంటివారిని 'లావ్ ప్యావ్' అంటారు. ముసలితనంలో నీటి మీద తేలుతున్నవారు అని ఆ మాటకు అర్థం. వేళ్లు దిగని మొక్కలన్నమాట. 2016లో ప్రభుత్వం విడుదల చేసిన నివేదిక, సొంత ఊరు విడిచి వచ్చిన వృద్ధులు దాదాపు కోటీ 80 లక్షల మంది ఉన్నారని, వారిలో నూటికి 43 మంది పిల్లల్ని చూసుకోవడానికే వచ్చారని చెప్పింది.

మా వీధి చివర పార్కులో ఉదయం తొమ్మిది గంటలకు బిడ్డల బండ్లు వరుసగా నిలబడేవి. వాటి వెనక అమ్మమ్మలు, నాయనమ్మలు. వారిలో ఒకావిడ దక్షిణ అన్‌హుయ్ కొండల నుంచి వచ్చింది. అక్కడి యాస నాన్‌జింగ్ వారికి అర్థం కాదు, ఆమెకు ప్రామాణిక చైనా భాష సరిగా రాదు. కోడలు నగరంలో పుట్టి పెరిగిన మనిషి. బిడ్డకు పాలు ఎన్ని గంటలకు పట్టాలో, అన్నం ఏ నెలలో మొదలుపెట్టాలో ఫోనులో చదివి చెబుతుంది. తాను ముగ్గురిని పెంచిన చేతులతో ఏ పనీ సొంతంగా చేయకూడదన్నది ఆ పెద్దావిడకు వచ్చిన కష్టం. భర్త ఊళ్లోనే ఉన్నాడు, పొలమూ తేయాకు తోటా చూసుకోవాలి కదా. నలభై ఏళ్లు కలిసి బతికిన దంపతులు, మనవడి కోసం అరవయ్యో ఏట విడిపోయారు. ఆమె నాతో ఒకసారి, నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా, పదం పదం వెతుక్కుంటూ అన్నది: 'ఇంట్లో అయిదుగురం ఉన్నాం. నాతో మాట్లాడేది ఇంకా మాటలు రాని వీడొక్కడే.' ఆ మాట చెబుతూ ఆమె ఏడవలేదు, బండిలో ఉన్న పిల్లవాడి టోపీ సరిచేసింది.

వృద్ధులు పిల్లలతో కలిసి ఉంటే చాలు, ఒంటరితనం పోతుందని చెప్పే వాదం ఈ పార్కు దగ్గర నిలబడలేదు. భార్యాభర్తలు కలిసి ఉన్న వృద్ధుల్లో ఒంటరితనం తక్కువని సర్వేలు మళ్లీ మళ్లీ చూపించాయి. మరి ఆ తోడును విడదీసి, ఒకరిని నగరానికి తెచ్చి, మరొకరిని ఊళ్లో వదిలి, దాన్ని కుటుంబం కలిసి ఉండటం అనుకుంటున్నాం.

ఇక చట్టం సంగతి. వృద్ధుల హక్కుల పరిరక్షణ చట్టం చైనాలో 1996లో వచ్చింది. 2012 డిసెంబరులో దాన్ని సవరించి, తల్లిదండ్రులకు దూరంగా ఉంటున్నవారు తరచుగా వెళ్లి చూడాలి, క్షేమ సమాచారాలు కనుక్కోవాలి అన్న నిబంధన చేర్చారు. 2013 జులై 1న అది అమలులోకి వచ్చింది. అదే రోజు వూషీ నగరంలోని కోర్టు 77 ఏళ్ల తల్లి వేసిన దావాలో, కూతురు కనీసం రెండు నెలలకోసారి వెళ్లి తల్లిని చూడాలని, పెద్ద పండగల్లో కూడా వెళ్లాలని తీర్పు చెప్పింది. ప్రపంచమంతా దాన్ని వింత వార్తగా చదివింది. నాకు అది వింతగా అనిపించలేదు, బాధగా అనిపించింది. కోర్టు తీర్పు కూతురి కాళ్లను గుమ్మం దాకా తేగలదు. ఆ తరువాత వారిద్దరూ ఏం మాట్లాడుకోవాలో ఏ న్యాయమూర్తీ రాసివ్వలేడు.

అయితే చట్టం వట్టిదని నేను అనను. దూరం ఉన్న పిల్లలకు వెళ్లాలని ఉన్నా సెలవు దొరకదు. 1981 నాటి నిబంధనల ప్రకారం ప్రభుత్వ సంస్థల్లో పనిచేసే వివాహితులకు తల్లిదండ్రులను చూసి రావడానికి నాలుగేళ్లకోసారి 20 రోజుల సెలవు ఉంది. నాలుగేళ్లకోసారి! ప్రైవేటు ఫ్యాక్టరీల్లో, దుకాణాల్లో, బట్వాడా పనుల్లో ఉన్నవారికి అదీ లేదు. హెనాన్ రాష్ట్రం 2016లో, అరవై దాటిన తల్లిదండ్రులు ఆసుపత్రిలో ఉంటే ఏకైక సంతానానికి ఏడాదికి 20 రోజుల సెలవు ఇవ్వాలని నిర్ణయించింది. తరువాత మరికొన్ని రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. కూతురిని వెళ్లమని ఆజ్ఞాపించే చట్టం కంటే, వెళ్లడానికి రోజులు చేతిలో పెట్టే చట్టం మేలని నా అభిప్రాయం. ఏడాదికి ఒక్క వసంతోత్సవానికి, రైల్లో నిలబడి ప్రయాణం చేసి వచ్చి, ఐదో రోజున తిరుగు ప్రయాణమయ్యే కొడుకుతో ఏ తల్లి అయినా తన దిగులు ఎలా చెబుతుంది? ఆ ఐదు రోజులూ పాడు చేయడానికి ఆమెకు మనసొప్పదు.

పెద్దలు కూడా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. సాయంత్రమైతే చైనాలో ఏ కూడలికి వెళ్లినా, స్పీకరు పెట్టుకుని యాభై అరవై మంది స్త్రీలు వరుసల్లో నృత్యం చేస్తుంటారు. 1983లో షాన్‌డాంగ్‌లో మొదలైన వృద్ధుల విశ్వవిద్యాలయాలు ఈనాడు దేశమంతటా ఉన్నాయి. సీటు కోసం రాత్రంతా వరుసలో నిలబడిన సందర్భాలున్నాయి. షాంఘైలో ఐకియా దుకాణపు క్యాంటీన్‌లో వారంలో కొన్ని రోజులు వందలాది మంది వృద్ధులు కాఫీ కప్పులతో గంటల తరబడి కూర్చుని, కొత్త తోడు దొరుకుతుందేమోనని మాట్లాడుకునేవారు. అక్కడ పరిచయమైన ఇద్దరు పెళ్లి చేసుకుందామంటే ఇంట్లో అడ్డు చెప్పేది తరచుగా పిల్లలే. రేపు ఆ ఫ్లాటు ఎవరికి పోతుందన్న భయం. తల్లి ఒంటరితనం గురించి నిజంగా దిగులుపడే కొడుకే, ఆ ఒంటరితనానికి ఆమె వెతుక్కున్న మందును ఒప్పుకోడు. నేను మాట్లాడిన పెద్దల్లో ఈ గాయం చాలా లోతుగా కనిపించింది.

ఉన్న ఒక్క బిడ్డా చనిపోయిన తల్లిదండ్రులను 'షిదు' కుటుంబాలు అంటారు. మెన్షియస్ చెప్పిన 'దు' అక్షరం అందులోనూ ఉంది. ఆసుపత్రిలో ఆపరేషనుకు, వృద్ధాశ్రమంలో చేరికకు బిడ్డ సంతకం అడిగితే వారు ఎవరిని తెస్తారు? సంతకం చేసే మనిషి లేక వెనక్కి వచ్చినవారు చాలామంది ఉన్నారు. రాజ్యం చెప్పినట్టు ఒక్క బిడ్డతో ఆగినవారు వారు. వారి పట్ల రాజ్యానికి ఉన్న బాధ్యత మిగతా అందరి కంటే ఎక్కువ.

షాంఘైలోని ఒక వార్డులో, ఒంటరిగా ఉండే వృద్ధుల ఇళ్లకు ప్రత్యేకమైన నీటి మీటర్లు బిగించారు. పన్నెండు గంటల్లో పది లీటర్ల నీరు కూడా వాడకపోతే వార్డు కమిటీకి కబురు వెళుతుంది, ఎవరో ఒకరు వచ్చి తలుపు తడతారు. మంచి ఏర్పాటు, ప్రాణాలు కాపాడుతుంది. నన్ను తొలిచేది ఒక్కటే. తలుపు తట్టాలంటే నీరు ఆగిపోవాలి. నీరు పారుతున్నంత కాలం ఆ ఇంట్లో అంతా బాగున్నట్టే లెక్క.

చైనా దాటి వెళ్లిన పెద్దల గురించి కూడా పరిశోధన జరిగింది. చికాగో పరిసరాల్లో ఉంటున్న చైనా వృద్ధులు మూడు వేల మందికి పైగా పాల్గొన్న ఒక పెద్ద అధ్యయనాన్ని వైద్యుడు షిన్‌చీ డాంగ్ 2011లో మొదలుపెట్టారు. అందులో పాల్గొన్నవారు చాలామంది పిల్లల పిలుపు మీద వచ్చినవారు, ఇంగ్లీషు రానివారు, కారు నడపలేనివారు, మనవల్ని చూసుకుంటున్నవారు. ఇది వింటున్నప్పుడు మీలో కొందరి ముఖాలు మారడం నాకు ఇక్కడి నుంచి కనిపిస్తోంది. డాలస్‌కో న్యూజెర్సీకో ఆరు నెలలకు వెళ్లి వచ్చిన మన పెద్దలకు ఆ మధ్యాహ్నాలు తెలుసు. నాన్‌జింగ్ పార్కులో ఆ పెద్దావిడ చెప్పిన మాట తెలుగులో విన్నవారు కూడా ఈ సభలో ఉండి ఉంటారు.

చివరగా ఒక సర్వే ప్రశ్న గురించి చెప్పి ముగిస్తాను. పీకింగ్ విశ్వవిద్యాలయం 2011 నుంచి 45 ఏళ్లు దాటినవారిని దేశమంతటా ఇంటింటికీ వెళ్లి ప్రశ్నలు అడుగుతూ, మళ్లీ కొన్నేళ్లకు అవే ఇళ్లకు వెళుతూ ఒక మహా సర్వే నడుపుతోంది. మనసు స్థితి గురించి అందులో పది ప్రశ్నలున్నాయి. ఒకటి ఇది: గత వారంలో మీకు ఒంటరిగా అనిపించిందా? జవాబులు నాలుగు. ఒక రోజు కంటే తక్కువ, ఒకటి రెండు రోజులు, మూడు నాలుగు రోజులు, ఐదు నుంచి ఏడు రోజులు. చైనా వృద్ధుల ఒంటరితనం గురించి ఈనాడు వస్తున్న ఎన్నో వ్యాసాలు ఈ ఒక్క ప్రశ్నకు వచ్చిన జవాబు మీద నిలబడి ఉన్నాయి.

నేను నాన్‌జింగ్ విడిచి వచ్చే ముందు ఒక సాయంత్రం, ఉత్తినే, ఆయీని అదే ప్రశ్న అడిగాను. భర్త పక్కగదిలో ఉన్నాడు. ఆమె తలుపు వైపు ఒకసారి చూసి, 'ఒక రోజు కంటే తక్కువ' అన్నది. నేను నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఆమె వంటింట్లోకి వెళ్లి గిన్నెలు కడుగుతూ, కుళాయి చప్పుడు మధ్య, నాకు వినిపించేంత గొంతుతో అడిగింది: 'ఆదివారాన్ని కూడా లెక్కలో కలపాలా?'